పోయిన పాత్రకు కొత్త మనసు

సీరియల్ నవలలు చదివేవారికి ఈ బాధ కొత్తది కాదు. నలభై వారాలపాటు ఒక పాత్రను మన ఇంటి మనిషిలాగే ఎరిగి వుంటాము. ఒక వారం హఠాత్తుగా ఆ నోట మరెవరి మాటలో పలుకుతాయి. “ఈమె ఇట్లా చేసే మనిషి కాదే!” అనుకుంటాము. అటువంటి బాధే నాకు ఒక వీడియో గేమువల్ల కలిగిందంటే మీరు నవ్వుతారేమో!

ఆ ఆట పేరు ‘బయోషాక్ ఇన్‌ఫినిట్’. 2013 మార్చిలో వచ్చింది. మా మేనల్లుడు బలవంతపెడితే మొదలుపెట్టాను; తీరా కూర్చున్నాక వాడికి కంప్యూటరు దక్కలేదు. కథ 1912లో, ఆకాశాన తేలే కొలంబియా నగరంలో జరుగుతుంది. ప్రవక్తనని చెప్పుకునే కామ్‌స్టాక్ దాని ఏలిక. గోపురంలో బందీగా పెరుగుతూ, ప్యారిస్ చూడాలని కలలుగనే ఎలిజబెత్‌కోసం బుకర్ డివిట్ అక్కడికి వెళతాడు. కామ్‌స్టాక్ ఇంట దాసీగా వుండిన నల్లజాతి స్త్రీ డెయిజీ ఫిట్జ్‌రాయ్ కూలిజనాన్ని కూడగట్టి తిరుగుబాటు లేవదీస్తుంది.

గెలుపు చేతికందే వేళ డెయిజీ ఒక కర్మాగారాల యజమానిని చంపి, అతని పసివాడికి పిస్తోలు గురిపెడుతుంది. ఎలిజబెత్ వెనుకనుంచి వచ్చి కత్తెరతో ఆమెను పొడుస్తుంది. ఈ ఘట్టం చాలామందికి నచ్చలేదు. కొరడా పట్టినవాడూ, ఆ దెబ్బలు తిన్నదీ ఒక్కటేనని తీర్పు చెప్పినట్లున్నది.

తరువాత ‘బరియల్ ఎట్ సీ’ అనే అనుబంధ కథ రెండు భాగాలుగా, 2013 నవంబరులోనూ 2014 మార్చిలోనూ వచ్చింది. రెండవ భాగంలో ఒక రహస్యం బయటపెట్టారు. పసివాణ్ణి చంపాలని డెయిజీకి లేనే లేదట! లుటేస్ జంట వచ్చి, ఎలిజబెత్ చేత నిన్ను చంపించుకో, అందుకోసం బిడ్డను బెదిరించు అని ఒప్పించారట.

మచ్చ కడిగారని మొదట సంతోషించాను. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే కడుపు రగిలింది. మొదటి కథలో ఆమె చేసింది తప్పే కావచ్చు. గాని అది ఆమె తప్పు, ఆమె కోపం. ఇప్పుడు ఆ కోపం కూడా ఎవరో వేయించిన వేషమయింది. ఆమె చావు, మరొక పిల్ల రాటుదేలటానికి ఒక మెట్టయింది.

ఎలిజబెత్ గతి మాత్రం మెరుగా? పంజరం విడిచి ఎగిరిన ఆ పిల్లే, అనుబంధంలో శాలీ అనే పసిదాన్ని ఎరవేసి పగ తీర్చుకుంటుంది. ఆపైన పశ్చాత్తాపపడి, శక్తులు పోగొట్టుకుని, అట్లాస్ చేతిలో రెంచి దెబ్బకు చనిపోతుంది. ఆ చావు 2007నాటి మొదటి ‘బయోషాక్’ కథకు దారి వెయ్యటానికి ఖర్చయింది. పైగా, కామ్‌స్టాక్ ఇక ఏ లోకంలోనూ పుట్టడన్నట్లు మొదటి కథ ముగిసింది గదా? సముద్రం అడుగున ర్యాప్చర్ నగరంలో ఒక కామ్‌స్టాక్ బుకర్ పేరుతో నిక్షేపంగా తిరుగుతూనే వున్నాడు!

ఉత్తరకాండ వాల్మీకిది కాదని వాదించే పండితులు మనలో ఏనాటినుంచో వున్నారు. మా అమ్మమ్మకు ఆ వాదాలు తెలియవు. పట్టాభిషేకం కాగానే పుస్తకం మూసి కళ్ళకద్దుకునేది. మిగతాది చదవవేమని అడిగితే, “నా సీతను నేను మళ్ళీ అడవికి పంపనురా!” అనేది.

మొన్న మేనల్లుడు ఆట మళ్ళీ మొదటినుంచి పూర్తిచేశాడు. “అనుబంధం కూడా పెట్టనా మామయ్యా?” అని అడిగాడు.

“వద్దురా! ఆ పిల్ల ప్యారిస్ చేరిందనుకోనీ” అన్నాను.