బానెట్‌కు వెంట్లు పెడితే ఇంజిన్ నిజంగా చల్లబడుతుందా? కోసే ముందు ఇవి తెలుసుకోండి!

మే నెల మధ్యాహ్నం లంకెలపాలెం జంక్షన్‌లో లారీల వెనుక పది నిమిషాలు ఇరుక్కుంటే చాలు, టర్బో కారు బానెట్ మీద చేయి పెట్టలేం. లోపల ఏసీ ఫుల్‌లో ఉంటుంది. ముందు ఫ్యాన్ గోల చేస్తూ తిరుగుతూనే ఉంటుంది. టెంపరేచర్ రీడింగ్ మెల్లగా పైకి పాకుతుంటుంది. అక్కడి నుంచి పరవాడ, అచ్యుతాపురం వైపు తిరిగి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే, పొద్దున ఉన్న పికప్ ఉండదు. పెర్ఫార్మెన్స్ కార్లు వాడేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. అందుకే 'బానెట్‌కు వెంట్లు కొట్టిస్తే సరి' అనే సలహా వినగానే మనసు అటు లాగుతుంది. ఇంతకీ ఆ సలహాలో నిజమెంత? కోతకు ముందు చూసుకోవాల్సినవేంటి?

స్కూప్ వేరు.. వెంట్ వేరు!

చూడ్డానికి రెండూ బానెట్ మీద రంధ్రాలే. కానీ పని పూర్తిగా వేరు. స్కూప్ గాలిని లోపలికి తీసుకుంటుంది. వెంట్ వేడి గాలిని బయటకు పంపుతుంది. మన రోడ్ల మీద ఎప్పటి నుంచో తిరుగుతున్న ఎంహాక్ స్కార్పియో, పాత ఫార్చ్యూనర్ బానెట్ల మీద ఉన్నవి స్కూప్‌లు. ఇంజిన్ పైన కూర్చున్న ఇంటర్‌కూలర్‌కు అవి గాలి అందిస్తాయి. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐదీ అదే పద్ధతి. మిత్సుబిషి లాన్సర్ ఎవో బానెట్ మీద, కొత్త హోండా సివిక్ టైప్ ఆర్ బానెట్ మీద కనిపించే వెంట్లు రేడియేటర్ దాటి వచ్చిన వేడిని బయటకు తోసేవి. స్కూప్ పెట్టి 'వేడి బయటకు పోతుంది' అనుకుంటే లెక్క తిరగబడినట్టే.

అసలు సమస్య వేడి కాదు.. దారి లేకపోవడం

రేడియేటర్ ముందు గాలి ఒత్తిడి ఎక్కువగా, వెనుక తక్కువగా ఉంటేనే గాలి దాని గుండా దూసుకెళ్తుంది. నేటి కార్లలో ఇంజిన్, టర్బో, పైపులు, బ్యాటరీ అన్నీ ఇరుకుగా సర్దేసి ఉంటాయి. ముందు నుంచి వచ్చిన గాలి కింది నుంచే బయటపడాలి. అక్కడ దారి చాలకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, కొత్త గాలి రావడం తగ్గుతుంది. సరైన చోట వెంట్ పెడితే ఆ ఒత్తిడి దిగుతుంది, రేడియేటర్ గుండా గాలి ప్రవాహం పెరుగుతుంది. వేగంలో కారు ముందు భాగం పైకి తేలే గుణం కూడా కొంత తగ్గుతుంది. రేసు కార్లలో వెంట్లు కనిపించేది ఇందుకే.

పికప్ తగ్గడానికీ కారణం ఉంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ. అంటే ఇంజిన్‌లోకి వెళ్లే ఆక్సిజన్ అంత మేర తగ్గుతుంది. దానికి తోడు వేడి గాలితో నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. డ్రైవర్‌కు తెలిసేది మాత్రం ఒక్కటే.. బండి లాగడం లేదు.

పరవాడ టవర్లు చెప్పే పాఠం

పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్లు చూడనివాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు. ఎత్తు దాదాపు 165 మీటర్లు. వాటిలో గాలిని లాగడానికి ఫ్యాన్లు లేవు. లోపల వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి దానంతట అదే వస్తుంది. పొయ్యి మీద గొట్టం పనిచేసే తీరే ఇది.

సిగ్నల్ దగ్గర ఆగిన కారులో వెంట్ చేసేదీ ఇదే పని. అయితే ఒక తేడా. గొట్టం ఎత్తు పెరిగేకొద్దీ లాగే బలం పెరుగుతుంది. టవర్‌కు 165 మీటర్ల ఎత్తుంది, ఇంజిన్ బేకు మీటరు కూడా ఉండదు. కాబట్టి ఆగిన కారులో వెంట్ నుంచి వేడి పైకి పోతుంది కానీ, ఆ లాగుడు స్వల్పమే. ట్రాఫిక్‌లో కారును కాపాడేది రేడియేటర్ ఫ్యానే. వెంట్ అసలు సత్తా చూపించేది వేగంలో.

ఇంకో విషయం. విశాఖ ఉక్కపోతకు మనిషి అల్లాడిపోతాడు, ఎందుకంటే చెమట ఆరదు. రేడియేటర్‌కు చెమట పట్టదు కాబట్టి దానికి గాలి ఉష్ణోగ్రతే ముఖ్యం. కానీ ఏసీకి తేమతో పని పెరుగుతుంది. ఏసీ కండెన్సర్ ఉండేది రేడియేటర్ ముందే. అది వదిలిన వేడి గాలే రేడియేటర్‌కు అందుతుంది. ఉక్కపోత రోజున ముల్లు పైకి వెళ్లడానికి ఇదీ ఒక కారణం.

ఎక్కడ పెట్టాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కారు వేగంగా వెళ్తున్నప్పుడు బానెట్ ముందు భాగంలో, అంటే రేడియేటర్ వెనుక మొదటి మూడో వంతు ప్రాంతంలో, పైన గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. వెంట్‌కు సరైన చోటు అదే. ముందు గ్లాసు మొదట్లో మాత్రం గాలి వచ్చి కొట్టుకుని ఒత్తిడి పెరుగుతుంది. క్యాబిన్‌లోకి బయటి గాలి తీసుకునే దారి కార్లలో ఎక్కువగా అక్కడే ఉండేది అందుకే.

బానెట్ హింజ్‌ల కింద వాషర్లు వేసి వెనుక అంచు పైకి లేపడం చాలాచోట్ల కనిపించే చిట్కా. ఆగినప్పుడు కొంత వేడి పోవచ్చు. వేగం అందుకున్నాక అక్కడి నుంచి గాలి బయటకు రావడానికి బదులు లోపలికే దూరే అవకాశం ఉంది. ఇంజిన్ వాసనలు క్యాబిన్‌లోకి వస్తాయి. బానెట్ లాక్ సరిగా కూర్చోకపోతే ప్రమాదం కూడా.

చోటు సరైనదో కాదో కోయకముందే చూసుకోవచ్చు. బానెట్ మీద చిన్న ఉన్ని దారాలు టేపుతో అంటించి, వెనుక కారులోంచి వేరేవాళ్లతో వీడియో తీయిస్తే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి చేసే సాదా మానోమీటర్‌తో బానెట్ పైన, కింద ఒత్తిడి తేడా కూడా కొలవొచ్చు.

కోతకు ముందు ఈ చెకింగ్ తప్పనిసరి

నిన్నటిదాకా బాగున్న కారు ఇవాళ వేడెక్కుతుంటే తప్పు బానెట్‌ది కాదు. ముందు ఇవి చూడాలి:

- కూలెంట్ లెవెల్, లీకులు. ఉత్త నీళ్లు పోసి నడుపుతున్నారా?
- రేడియేటర్ మూత. ఒత్తిడి నిలిస్తేనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత పాడైతే ఆ రక్షణ పోతుంది.
- థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్ రిలే.
- రేడియేటర్, కండెన్సర్ మధ్య పేరుకున్న దుమ్ము, పురుగులు.
- కింది అండర్‌ట్రే, పక్కల ఫోమ్ సీల్స్. యాక్సిడెంట్ రిపేర్ తర్వాత ఇవి తిరిగి బిగించకపోతే గాలి రేడియేటర్‌ను వదిలేసి పక్కదారి పడుతుంది.

ఇవన్నీ బాగున్నాక, ఓబీడీ స్కానర్‌తో కూలెంట్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్లు రాసుకోవాలి. ఒకే రూటు, ఒకే సమయం, ఏసీ ఆన్. ముందు, తర్వాత అంకెలు లేకుండా 'చల్లబడింది' అనుకోవడం ఊహే.

వాన, ఉప్పుగాలి సంగతేంటి?

తీరంలో తుపాన్లు కొత్త కాదు. వెంట్ ఉందంటే వాన నీళ్లు ఇంజిన్ మీద పడతాయి. కింద ఆల్టర్నేటర్, ఇగ్నిషన్ కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్ ఉంటే ముప్పే. నీళ్లను పక్కకు మళ్లించే ట్రే తప్పనిసరి. ఉక్కు బానెట్‌ను కోశాక అంచుకు ప్రైమర్, పెయింట్ సరిగా పడకపోతే సముద్రపు గాలికి తుప్పు త్వరగా మొదలవుతుంది. బానెట్ లోపలి వైపు ఉండే ఫ్రేమును కోయడం మరింత ప్రమాదం. ఢీకొన్నప్పుడు ఎక్కడ మడవాలి, పాదచారి తల తగిలితే ఎంత లొంగాలి అన్నది కంపెనీ ఆ ఫ్రేముతోనే లెక్కగడుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలోని వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ సమయంలో పేచీ రావచ్చు. అందుకే రోడ్డు మీద తిరిగే కారైతే ముందుగా ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోవాలి. ట్రాక్ కోసమే పెట్టుకున్న కారు అయితే లెక్క వేరు.

మరి మామూలు వాడకానికి?

ఆఫీసుకు, ఇంటికి, అప్పుడప్పుడు అరకు ఘాట్‌కు తిరిగే కారుకు చాలా సందర్భాల్లో వెంట్ అక్కర్లేదు. శుభ్రమైన రేడియేటర్, కంపెనీ చెప్పిన కూలెంట్, బాగా పనిచేసే ఫ్యాన్, ఊడిపోని సీల్స్ ఉంటే చాలు. ఘాట్ ఎక్కేటప్పుడు వేగం తక్కువ, లోడ్ ఎక్కువ. అక్కడ చిన్న గేరు వాడటం, ఏసీ కాసేపు ఆపడం మేలు. ఇంజిన్ ట్యూనింగ్ చేయించి పవర్ పెంచినవాళ్లు ముందు పెద్ద ఇంటర్‌కూలర్, మెరుగైన రేడియేటర్ గురించి ఆలోచించాలి. వెంట్ ఆ తర్వాతి మెట్టు.

దారిలో ముల్లు ఎర్ర గీత చేరితే మాత్రం మొండిగా నడపొద్దు. ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, సురక్షితమైన చోట కారు పక్కకు తీయండి. ఇంజిన్ ఆపండి. ఆవిరి వస్తుంటే తగ్గేదాకా బానెట్ ఎత్తొద్దు. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ఎగజిమ్మితే ముఖం, చేతులు కాలిపోతాయి. అరగంట ఆలస్యమైనా పర్లేదు. వేడెక్కిన ఇంజిన్‌ను అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోయి, ఖర్చు వేలల్లో మొదలై లక్ష దాకా వెళ్లొచ్చు.