బజారు 'స్టెడీ' అంటే ఎంతవరకు?

బజారు రిపోర్టులలో 'స్టెడీ' అన్న మాట కనపడని రోజుండదు. తెలుగులో దీనినే 'నిలకడ' అంటున్నాం. ఆ మాట చూడగానే ధర పడిపోదన్న ధీమా కలగడం సహజం. ఆ ధీమాతో స్టాకు పట్టడం మాత్రం ప్రమాదం.

స్టెడీ చెప్పేది జరిగిన బేరాల సంగతే. రేపటికి హామీ కాదు. అమెరికా వ్యవసాయ శాఖ మార్కెట్ వార్తల సేవ 1915లో లూసియానాలోని హేమండ్‌లో స్ట్రాబెర్రీల రిపోర్టుతో మొదలైంది. ఆ సేవ వాడే నిర్వచనాల ప్రకారం 'స్టెడీ' అంటే క్రితం మార్కెట్ నాటి ధరలో మార్పు లేదని. 'ఫర్మ్' అంటే ధర లెక్కకు అందేటంతగా పెరగకపోయినా మొగ్గు పైకి ఉన్నదని. 'వీక్' అంటే అదే తీరున మొగ్గు కిందికని. కనుక ఫర్మ్‌నూ, స్టెడీనీ ఒకే గాటన కట్టి 'నిలకడ' అనరాదు. ఫర్మ్‌కు 'గట్టి' అన్న మాట ఉండనే ఉన్నది. పత్తి ఫ్యూచర్స్ రిపోర్టులలో కనిపించే 'బేర్లీ స్టెడీ' మరొకటి. అది నిలకడ కాదు, నీరసానికి తొలి సూచన.

గుంటూరు మిర్చి యార్డులో క్వింటాలు 15,000 రూపాయల వద్ద బజారు స్టెడీ అనుకుందాం. లక్ష బస్తాలు వచ్చి, సరుకంతా ఆ ధరకే అమ్ముడుపోతే కొనుబడి బలంగా ఉన్నట్లు. పదివేల బస్తాలే వచ్చి, అందులో సగం అమ్ముడుపోక మిగిలినా, జరిగిన బేరాలను బట్టి రిపోర్టు స్టెడీ అనే అంటుంది. ఈ రెండవ నిలకడ కోల్డ్ స్టోరేజీల సరుకు బయటికి రాగానే చెదిరిపోవచ్చు. పైగా తేజ మేలురకం స్టెడీగా ఉన్ననాడే తాలు కాయల ధర తగ్గవచ్చు.

అందువల్ల స్టెడీ అన్న మాట పక్కన మూడు అంకెలు చూడాలి: రాబడి, అమ్మకం, మిగులు. బ్రోకర్లు సైతం పైఊరి పార్టీకి ఫోనులో 'బజారు స్టెడీ' అని ఊరుకోక, ఏ రకం, ఏ ధర, ఎన్ని బస్తాలు అమ్ముడైనదీ చెప్పడం మేలు. రేపు ధర జారినా పార్టీ దగ్గర మాట నిలుస్తుంది.