ప్రత్యేక విద్యాలయమును నడుపువారెవరు?

మొయినాబాదు మండలమునందలి హిమాయత్‌నగర్ నుండి సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌కు పోవలెనన్నచో హైదరాబాదు నగరమును ఈ కొస నుండి ఆ కొసకు దాటవలెను. బస్సులు మారక తప్పదు; పోవుటకు వచ్చుటకు ఆ దినపు కూలి పోవును. ఇంత శ్రమపడి ఒక తల్లి, ఎదుగుదల మందగించిన తన బిడ్డను చంకనెత్తుకొని అచ్చటికి చేరినప్పుడు ఆమెతో మాట్లాడువారెవరు? ఏమి అడుగుదురు? ఏమి వ్రాసి యిత్తురు? ఈ సంగతి ఆమెకు ముందుగా చెప్పి పంపదగినవారు పంచాయతీ సభ్యులే గనుక దీనిని కొంత వివరింప దలచితిమి.

మనోవికాస్‌నగర్‌లో నున్నది కేంద్ర ప్రభుత్వపు సంస్థ. బుద్ధి వికాసమునందు వెనుకబడిన వారి కొరకు 1984లో ఇది స్థాపింపబడినది. జాతీయ మానసిక వికలాంగుల సంస్థ యను తొలి పేరు తరువాత మారినను, పెద్దలు పలువురు నేటికిని ఆ పేరుతోనే దీనిని ఎరుగుదురు. ఇచ్చట రెండు పనులు ఒక్క ఆవరణలో సాగుచున్నవి. ఒక వంక పిల్లలకు పాఠశాల; మరియొక వంక ఆ పిల్లలకు చదువు చెప్పబోవు ఉపాధ్యాయులకు డిప్లొమా, బి.ఇడి., ఎం.ఇడి. తరగతులు. వైద్యుడు రోగుల నడుమ నేర్చినట్లు ఉపాధ్యాయుడు పిల్లల నడుమ నేర్చుచున్నాడు.

సంస్థకు పెద్ద డైరెక్టరు. ఆయన క్రింద ప్రత్యేక విద్య, పునరావాస మనస్తత్వము, వైద్యము, పెద్దవారి స్వతంత్ర జీవనము మొదలగు శాఖలకు వేరువేరుగా అధిపతులుందురు. మామూలు పాఠశాలకు ఒక్క ప్రధానోపాధ్యాయుడు చాలును గదా, ఇచ్చట ఇందరు పెద్దలేల యని కొందరు అడుగవచ్చును. మామూలు బడిలో పాఠ్యపుస్తకము తరగతికంతటికి ఒక్కటే. ఇచ్చట ప్రతి పిల్లవానికి ఒక ప్రణాళిక. మూర్ఛలు వచ్చు పిల్లవానికి మందు నిలకడపడనిదే పాఠము సాగదు. తన చేతిని తాను కొరుకుకొను పిల్లకు ఆ అలవాటు కారణమేదో మనస్తత్వ నిపుణులు కనుగొననిదే పలక పట్టించుట వ్యర్థము. ఒక్కని చూపునకు ఇవి అన్నియు అందవు. కనుక శాఖాధిపతులు కూర్చుండి మాట్లాడుకొని, తల్లిదండ్రుల మాటయు విని నిర్ణయింపవలెను. ఈ కూర్చుండి మాట్లాడుకొనుటయే అధిపతుల పనిలో ముఖ్యమైన భాగమని మా అభిప్రాయము. భవనములెంత గొప్పవైనను ఇది కొరవడినచో పిల్లవాడు ఒక గది నుండి మరియొక గదికి తిరుగుటయే మిగులును.

ప్రగతిని కొలుచుట కీ సంస్థ యొక పట్టికను రూపొందించినది. పూర్వప్రాథమికము, ప్రాథమికము, సెకండరీ, వృత్తిపూర్వము అను మెట్లలో పిల్లవాడు తానై చేయగల పనులు అందు వ్రాయబడియుండును. చొక్కా తొడుగుకొనుట, పళ్ళు తోముకొనుట, తన పేరు గుర్తించుట, చిల్లర లెక్కించుట, తోడివారితో ఆడుకొనుట, ఇట్టివన్నియు చదువుగానే లెక్కకు వచ్చును. ఒక మెట్టులోని పనులలో 100కు 80 పాళ్ళు వచ్చినప్పుడు పై మెట్టునకు పంపుదురు. "మావాడు సంవత్సరము చదివినను అక్షరమొక్కటి రాలేదు" అని తండ్రి విసుగుకొన్నచో, ముందు ఆ పట్టికను చూపుమని అడుగవలెను. బట్టలు తడుపుకొనుట మానిన పిల్లవాడు ఇంటిలో ఎంత బరువు దించెనో తల్లికి తెలియును.

చెవిటి పిల్లల మార్గము వేరు. ముంబాయిలోని అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాదులో శాఖ గలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, పిదప మహారాష్ట్ర గవర్నరుగా నుండగా 1976లో కీర్తిశేషులైన మన హైదరాబాదు ప్రముఖుని పేరే అది. ఆరేండ్ల లోపు పసివారి విషయములో వైకల్యమేదియో ఇంటివారు తేల్చుకొనవలసిన పనిలేదు. అన్ని వైకల్యములను ఒక్కచోట పరీక్షించు కేంద్రములను 2021లో దేశమునందు 14 చోట్ల తెరచిరి; వానిలో సికింద్రాబాదు ఒకటి, నెల్లూరు ఒకటి.

ఇక పైవేటు సంస్థల మాట. ఊరికి దగ్గరనో, వసతి గలదనియో చెప్పి పిల్లలను చేర్చుకొనువారు పలువురున్నారు. వీరిలో త్యాగబుద్ధితో పనిచేయువారును గలరు. అయినను మంచితనము వేరు, అర్హత వేరు. 1992వ సంవత్సరపు భారత పునరావాస మండలి చట్టము ననుసరించి ప్రత్యేక ఉపాధ్యాయుని పేరు ఆ మండలి పట్టికలో నమోదై యుండవలెను. నమోదు లేక ఆ వృత్తి చేసినచో ఏడాది వరకు జైలు, వేయి రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. జరిమానా స్వల్పమే యని మేమును ఒప్పుకొందుము. సంస్థకు సైతము 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము క్రింద రిజిస్ట్రేషను కావలెను. ఆ పత్రపు నకలును అందరికి కనబడుచోట ఉంచవలెను. గోడపై అది లేనిచో, "లోపల బీరువాలో నున్నది" అను సమాధానముతో తృప్తిపడరాదు. రాత్రిపూట పిల్లల వద్ద ఎవరుందురు, ఆడపిల్లల వద్ద ఆయా యున్నదా, తల్లి చెప్పకుండ వచ్చినను లోనికి రానిత్తురా యను ప్రశ్నలు ప్రిన్సిపాలును మొగము మీద అడుగదగినవే. నోట మాట లేని బిడ్డ తన బాధను ఇంటికి వచ్చి చెప్పలేదు గదా.

అదే చట్టము పంచాయతీని "స్థానిక అధికార సంస్థ" అని పేర్కొని, పిల్లలలో వైకల్యము గలవారిని గుర్తించుటకు 5 ఏండ్లకొకసారి సర్వే జరుపు బాధ్యతను ప్రభుత్వముతో పాటు దానిపైనను ఉంచినది. 40 పాళ్ళకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు దగ్గరి బడిలోగాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య హక్కు. కాని సర్వే యనునది బడికి వచ్చు పిల్లలను గూర్చినది. బడి ముఖమే చూడక, వచ్చిన చుట్టములకు కనబడకుండ వెనుక గదిలో నుంచబడిన బిడ్డ ఆ లెక్కలోనికి రాదు. వార్డు సభ్యునికి మాత్రము ఆ ఇల్లు తెలియును. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఆ గడప తొక్కవలసినవాడు ఆయనయే.

ప్రయాణమునకు ముందు కొన్ని కాగితములు చేర్చిపెట్టించుడు: జనన పత్రము, ఆధారు, వైకల్య ధ్రువపత్రమున్నచో అది, మునుపు చూపించిన డాక్టర్ల చీటీలు, వాడుచున్న మందుల పేర్లు. కాన్పు కష్టమైనదా, బిడ్డ పుట్టగనే ఏడ్చెనా, మెడ నిలిపినది ఎన్నవ నెలలో, నడచినది ఎప్పుడు అని అచ్చట తప్పక అడుగుదురు. ఇంటివద్దనే తలచుకొని వ్రాసికొన్నచో అచ్చట తడబాటుండదు. తండ్రి యొక్కడే తీసికొనిపోవుట చాలదు. బిడ్డను పగలెల్ల కనిపెట్టుకొని యుండునది అవ్వయైనచో అవ్వనే వెంట పంపుడు. వాడు ఏ మాటకు తల త్రిప్పునో, ఏ చప్పుడునకు బెదరునో ఆమెకే తెలియును.