గూట్లో దారం.. కాలికి ఉరి!

ఆ ఆదివారం పొద్దున్నే గింజలు వేద్దామని బాల్కనీలోకి వెళ్లా. మా ఆడ ఫించ్ గూటి అంచున తలకిందులుగా వేలాడుతోంది! రెక్కలు టపటపా కొట్టుకుంటోంది కానీ కదల్లేకపోతోంది. దగ్గరికెళ్లి చూస్తే కాలికి సన్నటి దారం. రెండ్రోజుల ముందు అమ్మ కుట్టుమిషన్ దగ్గర దొరికిన దారప్పోగులు, కాస్త దూది నేనే లోపల పెట్టా. 'మెత్తగా గూడు కట్టుకుంటాయిలే' అనుకున్నా.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికే ఒక వేలు నల్లబడింది. ఆయన ఓపిగ్గా దారం తీశారు. కాలు దక్కింది, వేలు మాత్రం దక్కలేదు. 'వీటికి మెత్తనిది కాదమ్మా, కాలికి చుట్టుకోనిది ఇవ్వాలి' అన్నారు. అప్పట్నుంచే నేను నేర్చుకోవడం మొదలుపెట్టా.

గూటికి ఏమివ్వాలి?

ఎండిన గరిక, ఎండుగడ్డి, కొబ్బరి పీచు.. ఇవి చాలు. పీచును వేలెడు పొడవుకి కత్తిరించి ఇవ్వాలి. మందు కొట్టిన చోట కోసిన గడ్డి వద్దు. బూజు వాసన వస్తే అస్సలు పెట్టొద్దు, బూజు వాటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దారం, దూది, ఉన్ని, జుట్టు, నైలాన్ పోగులు దగ్గరికే రానివ్వకండి.

ఇంకో సంగతి. గుడ్లు పెట్టగానే గడ్డి ఇవ్వడం ఆపేయాలి. లేదంటే జీబ్రా ఫించ్‌లు గుడ్లమీదే ఇంకో పొర కట్టేస్తాయి! మామూలుగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడతాయి, రెండు వారాలకు అటూ ఇటూగా పొదుగుతాయి. ఆ రోజుల్లో గూట్లో చెయ్యి పెట్టకపోవడమే మంచిది.

మొక్కల సంగతేంటి?

ఫించ్‌లు కనిపించిన ఆకునల్లా కొరుకుతాయి. అందుకే అందం చూసి మొక్క పెట్టకూడదు. గన్నేరు గుండెకే ప్రమాదం. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా ఆకుల్లోని సూదుల్లాంటి స్ఫటికాలు నోటిని, గొంతును మండిస్తాయి. లాంటానా, క్రోటన్, ఉమ్మెత్త కూడా వద్దు. మా ఇంట్లో ఏళ్లుగా ఉన్న మనీ ప్లాంట్‌ని ఆ రోజే హాల్లోకి మార్చేశా.

మరి ఏవి పెట్టాలి? మందారం, వెదురు, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ పెట్టుకోవచ్చు. ఒక ట్రేలో మట్టి పోసి కొర్రలు చల్లితే కొన్నాళ్లకే పచ్చగా మొలుస్తాయి. మావాటికి అదే పండగ! నర్సరీ మొక్కని మాత్రం తెచ్చిన రోజే లోపల పెట్టొద్దు. పురుగుమందు కొట్టి ఉండొచ్చు. ఆకులు బాగా కడిగి, పైమట్టి తీసేసి కొత్త మట్టి పోసి, కొన్ని వారాలు విడిగా ఉంచాలి. కుండీలోని ఎరువు గుళికల్ని గింజలనుకుని తినేస్తాయి కూడా.

కొనేముందు ఒక్కమాట

జీబ్రా ఫించ్‌ల సొంతూరు ఆస్ట్రేలియా. పంజరాల్లోనే తరాలుగా పెరుగుతున్నాయి. కానీ మన పొలాల్లో ఎగిరే మునియాలు అలా కాదు. వాటిని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా కొనకండి.

మా ఆడ ఫించ్ ఇప్పుడు మూడు వేళ్ల కాలితోనే వెదురు కొమ్మ మీద కూర్చుంటోంది. మొన్ననే గరికతో కొత్త గూడు కట్టుకుంది. దాని కాలు చూసినప్పుడల్లా ఆ దారప్పోగు గుర్తొస్తుంది నాకు. మీ పిట్టకి ఆ కష్టం రాకూడదనే ఇదంతా చెప్పా.