టాడ్‌పోల్ లేని కప్పలు

కప్ప జీవితచక్రం అనగానే మనకు నోటికి వచ్చేది ఒక్కటే: గుడ్డు, టాడ్‌పోల్, కప్ప. డిగ్రీ దాకా మేమూ ఆ బొమ్మ వేసే మార్కులు తెచ్చుకున్నాం. పీజీలో జువాలజీ తీసుకున్నాకే శ్రీలంక చెట్టుకప్పల సంగతి తెలిసింది. వాటి ప్రజాతి పేరు సూడోఫిలాటస్. అందులో సుమారు 80 జాతులున్నాయి. చాలావరకు రెండు మూడు సెంటీమీటర్ల బుల్లి కప్పలే.

వీటికి టాడ్‌పోల్ దశే లేదు. చాలా జాతుల్లో ఆడకప్ప అడవి నేలలో చిన్న గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టితో కలిపి కప్పేస్తుంది. ఫెమొరాలిస్ అనే జాతి మాత్రం ఆకు అడుగున అంటిస్తుంది. లోపలి పిల్లకు గుడ్డులోని సొనే తిండి. కొన్ని వారాలకు నాలుగు కాళ్ల కప్పపిల్లే బయటికి వస్తుంది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారో లేదో మరి!

చెరువు, కుంట అక్కర లేకపోవడంతో ఇవి కొండలెక్కి ఎక్కడికక్కడ స్థిరపడ్డాయి. ఒక కొండమీది కప్పకు పక్క కొండ కప్పతో కలయిక లేక వేర్వేరు జాతులయ్యాయి. సముద్రమట్టం తగ్గి నేల దారి ఏర్పడిన కాలంలో కొన్ని మన దేశానికీ వచ్చాయి. పశ్చిమ కనుమల్లోని వయనాడ్, అంబోలి కప్పలు ఆ సంతతివే.

అయితే నీటికుంట అక్కర లేదు గానీ, గుడ్డుకు తడి తప్పనిసరి. ఆ తడి చెట్ల నీడలోని మట్టిలోనే ఉంటుంది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు కాఫీ కోసం, ఆ పంట తెగులుతో పోయాక తేయాకు కోసం, లంక కొండల అడవులు నరికించారు. నీడ పోయిన నేలలో గుడ్డు ఎండిపోతుంది. ఈ ప్రజాతిలో పదిహేనుకు పైగా జాతులు అంతరించినట్లు లెక్క. మాయా, పార్డస్ అనే రెండు జాతులకైతే 2007లో గానీ పేర్లు పెట్టలేదు. అదీ 1876కు ముందే పట్టి మ్యూజియం సీసాల్లో భద్రపరచిన కప్పలను చూసి! పేరు వచ్చేసరికి ప్రాణమున్నది ఒక్కటీ లేదు.

స్టెల్లేటస్ కథ వేరు. 1853లో కెలార్ట్ అనే డాక్టరు దాన్ని వర్ణించాడు. తర్వాత ఎవరికీ కనబడక అంతరించిన వాటి జాబితాలో చేరింది. 2009లో శ్రీపాద కొండ అడవిలో మళ్లీ దొరికింది. అక్కడ అడవి ఇంకా మిగిలే ఉంది.