నడుం నొప్పికి మూలం ఎక్కడ? ముందు తాగే నీళ్ళు చూడండి

నల్లగొండ: పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. కింద పడిన కండువా తీసుకుందామంటే నడుం వంగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు, మనిషే మొత్తంగా తిరగాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో నడివయసు దాటిన రైతులు, కూలీలు ఎందరో ఇలా బాధపడుతున్నారు. ఏమైందని అడిగితే "వాతం" అని ఒకరు, "కష్టం చేసిన ఒళ్ళు" అని ఒకరు, "వయసు మీద పడింది" అని మరొకరు అంటారు. సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మామూలే. నొప్పికి మందు వెతికినంతగా మూలం వెతకకపోవడం విచారకరం.

ఎద్దుల వల్ల తెలిసిన జబ్బు

మన దేశంలో ఈ జబ్బును ముందుగా పసిగట్టింది రైతులే. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో కాడెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం వారి కంటబడింది. తరువాత అదే బాధ మనుషుల్లోనూ కనిపించింది. 1937లో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు అక్కడి రోగులను పరీక్షించి, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించారు. నల్లగొండ జిల్లా రోగుల గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఫ్లోరైడు పీడిత ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోతున్న వారి గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో తెలియజేశారు.

మనది గ్రానైటు రాతినేల. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి దిగుతుంది. నీరు ఎంతకాలం రాతి మధ్య నిలిస్తే అంత ఎక్కువగా కలుస్తుంది. అందుకే లోతు బోర్లతో ప్రమాదం ఎక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో కూడా ఫ్లోరైడు వేర్వేరుగా ఉండవచ్చు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. రంగు, వాసన, రుచి చూసి దీన్ని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఎముక పెరిగి నరాన్ని నొక్కితే

ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడులో కొంత మూత్రం ద్వారా బయటకు పోతుంది. మిగిలింది ఎముకల్లో చేరుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముక మందమెక్కుతుంది, కీళ్ళను కట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నెముక వెదురు బొంగులా బిగుసుకుపోతుంది. లోపల నరాలు వెళ్ళే దారి ఇరుకై, నరాల మీద ఒత్తిడి పడుతుంది. చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కడం, చీమలు పాకినట్లుండడం, కాళ్ళలో బలం తగ్గడం ఇందువల్లనే. కాళ్ళు పడిపోతున్నా, మల మూత్రాలపై అదుపు తప్పినా ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

పళ్ళు తెల్లగా ఉన్నాయి కదా, మాకు ఫ్లోరైడు లేదని కొందరు అనుకుంటారు. ఇది పొరపాటు. పళ్ళపై గోధుమరంగు మచ్చలు, చిన్నతనంలో పళ్ళు తయారయ్యే కాలంలో ఆ నీరు తాగిన వారికే వస్తాయి. పెద్దయ్యాక ఈ ఊరికి కాపురానికి వచ్చిన కోడలి పళ్ళు శుభ్రంగానే ఉంటాయి, నడుం మాత్రం బిగుసుకుపోవచ్చు.

ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలు మూడున్నాయి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్ళు తాకగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక్కు పెట్టుకోగలరా? ఈ పనులు నొప్పి, బిగువు వల్ల చేయలేకపోతే వైద్యునికి చూపించుకోవాలి. ముంజేయి, వెన్నెముక ఎక్స్‌రేలు తీసి, మూత్రంలో ఫ్లోరైడు ఎంత ఉందో పరీక్షిస్తే సంగతి తేలుతుంది. ప్రతి నడుం నొప్పీ ఫ్లోరైడు వల్లనే వస్తుందనుకోకూడదు. డిస్కు జారడం, కీళ్ళవాతం, క్షయ, విటమిన్ లోపం వల్ల కూడా ఇలాంటి బాధలు వస్తాయి. వాటి చికిత్స వేరు.

మానవలసినవి, చేయవలసినవి

నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫ్లోరైడును బయటకు పంపేది ఆ మూత్రపిండాలే. అవి చెడితే ఫ్లోరైడు ఒంట్లో మరింతగా నిలిచిపోతుంది.

నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇళ్ళలో వాడే మామూలు క్యాండిల్ ఫిల్టరూ దీన్ని తీయలేదు. సున్నం, పటికతో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి "నల్లగొండ పద్ధతి" అని మన జిల్లా పేరే పెట్టారు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీరు నల్లాల్లో వస్తోంది. అయినా నల్లా రాని రోజున, పొలం దగ్గర దాహం వేసినప్పుడు, రుచిగా ఉన్నాయన్నప్పుడు చెయ్యి బోరింగు వైపే పోతున్నది. తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికీ బోరు నీళ్ళు వాడరాదు. పొలానికి ఇంటి నుంచే సీసాలో నల్లా నీళ్ళు తీసుకుపోవడం మేలు. బోరు నీరు తప్పనిసరైతే పంచాయతీ కార్యదర్శి ద్వారా గ్రామీణ నీటి సరఫరా శాఖ వారిచేత పరీక్ష చేయించాలి.

పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి వంటివి తినాలి. చింతపండు తింటే మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోతుందని పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. టీ, నల్ల ఉప్పు తగ్గించాలి.

ఒకసారి వంగిపోయిన ఎముకను తిన్నగా చేసే మందు లేదు. తొలిదశలో నీరు మారిస్తే నొప్పులు తగ్గే అవకాశం ఉంది. తాతకు కోలుకునే వీలు లేకపోయినా, అదే ఇంట్లో ఆడుకునే మనవడికి ఆ గతి పట్టకుండా చూడవచ్చు. వాడి చేతికిచ్చే చెంబులో ఏ నీళ్ళున్నాయో పెద్దలు ఇవాళే విచారించుకోవాలి.