మీకు తెలుసా? మేనరికాల నిషేధం, వ్యక్తి స్వేచ్ఛ

మేనమామ కూతుర్ని చేసుకోవడం మనకు కొత్త కాదు. మధ్యయుగపు యూరప్‌లో మాత్రం క్యాథలిక్ చర్చి అలాంటి పెళ్లిళ్లను గట్టిగా అడ్డుకుంది. 11వ శతాబ్దం నాటికి ఏడు తరాల లోపు రక్తసంబంధం ఉంటే పెళ్లి కుదరదనేది నియమం. 1215లో నాలుగో లాటరన్ మహాసభ దాన్ని నాలుగు తరాలకు తగ్గించింది. అప్పటికీ ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒక్కడే అయినా పెళ్లి చెల్లేది కాదు!

12వ శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ పెళ్లికి వధూవరుల అంగీకారమే ముఖ్యమన్నాడు. పెద్దలు ఒప్పుకోకపోయినా ఆ పెళ్లి చెల్లేది.

ఈ నియమాలే వంశాల పట్టు సడలించి పాశ్చాత్య వ్యక్తివాదానికి దారి తీశాయని హార్వర్డ్ ఆచార్యుడు జోసెఫ్ హెన్రిక్ 2020లో తన పుస్తకంలో వాదించారు. దేవుడి ముందు ఆత్మలన్నీ సమానమన్న క్రైస్తవ బోధే ఉదారవాదానికి మూలమని రచయిత లారీ సీడెన్‌టాప్ 2014లో రాశారు.

మరో వైపూ చూడాలి. 1864లో పోప్ తొమ్మిదో పయస్ ఉదారవాదాన్ని ఖండించాడు. మత స్వేచ్ఛ ప్రతి మనిషి హక్కని రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది 1965లోనే. వ్యక్తికి విలువ పెరగడంలో చర్చి పాత్ర పెద్దదే. అయితే ఉదారవాదం మొత్తాన్నీ దాని ఖాతాలో వేస్తే, చర్చితో తలపడి హక్కులు సాధించినవారికి అన్యాయం చేసినట్టే.